తెల్లమాత్ర వృత్తాంతము

మా మేనత్త కడప జిల్లాలోని యొక మెట్టసేద్యపు గ్రామమున కాపురముండెడిది. అరువదియేండ్లు దాటిన పిదప ఆమెకు మోకాళ్లనొప్పులు పట్టుకొన్నవి. వారమునకు రెండుమారులు ఊరికి వచ్చు వైద్యు డొకడు కాగితపు పొట్లములో మూడువిధములైన మాత్రలు చుట్టి యిచ్చెడివాడు. అందొకటి పసుపుపచ్చనిది, ఒకటి గులాబివన్నెది, ఒకటి మెంతిగింజకంటె కొంచెము పెద్దదియైన తెల్లనిది. పనిచేయుచున్నది ఆ తెల్లనిదేయని ఆమె కొలదికాలములోనే కనిపెట్టి, తక్కినవానిని మాని, దాని నొక్కదానినే పట్టణములోని మందుల అంగడినుండి తెప్పించుకొన నారంభించెను. మోకాళ్లు వంగినవి. వాకిలి యూడ్చెను, చేనికి పోయి వేరుసెనగ పెరికెను. ఆరునెలలు గడచునప్పటికి ముఖము గుండ్రమై నిండినది. చూచినవారెల్ల "అక్కా, ఒళ్లు చేసినావే" అని సంతసించిరి. అంతట పట్టణమున చదువుకొనుచున్న మనుమడు సెలవులకు వచ్చి, అవి చెడ్డమాత్రలని చెప్పి, పెట్టెలో నున్నవానినెల్ల దొడ్డిలో పారవేసెను. మంచిపనియే చేసితినని యాతడు తలచెను. ఐదవనాడు ఆమె వాంతులు చేసికొని, లేచి నిలువజాలక, మంచముమీదనుండి నేలకు వ్రాలెను.

ఆసుపత్రిలో చిన్నవయసు వైద్యురా లొకతె ఆమెను పరీక్షించి, రక్తపుపోటు మిక్కిలి తగ్గియుండుట చూచి, "ఏమి మాత్రలు వేసుకుంటున్నావవ్వా?" అని యడిగెను. "తెల్లవి" అని మా యత్త చెప్పెను. వైద్యురాలు మావంక చూచెను. మాలో పట్టభద్రులు ముగ్గురుండిరి. ఒక్కరమును మఱియొకమాట చెప్పజాలకపోతిమి.

ఆ తెల్లమాత్రకు పేరు గలదు. నూఱేండ్లకు మించిన పూర్వకథయు గలదు. ఆ కథ తెలిసియుండినచో మా యత్త యంతకాలము దానిని మ్రింగియుండదు. ఆ మనుమడు దాని నట్లు పారవేసియుండడు. ఈ రెండు తప్పులును ఒక్క అజ్ఞానమునుండియే పుట్టినవి గనుక ఆ కథను ఇచ్చట కొంత వివరముగా చెప్పదలచితిని.

మనుష్యుని రెండు మూత్రపిండములమీదను టోపీలవలె కూర్చుండియుండు చిన్నగ్రంథులు రెండు గలవు. ఒక్కొక్కదాని బరువు నాలుగైదు గ్రాములకు మించదు. వీనివలన నేమి ప్రయోజనమో చిరకాలము ఎవ్వరికిని తెలియదు. 1855వ సంవత్సరమున లండను నగరములోని గైస్ ఆసుపత్రి వైద్యుడగు థామస్ ఆడిసన్, ఈ గ్రంథులు చెడినవారు నానాటికి నీరసించి, చర్మము నల్లబడి, కృశించి మరణించుచున్నారని వర్ణించి యొక గ్రంథము ప్రకటించెను. చేతి బొటనవ్రేలంత గ్రంథి లేకున్నచో మనుష్యుడు బ్రతుకజాలడను సంగతి యప్పటినుండి లోకమునకు తెలిసినది. ఆ గ్రంథి రసములో నేమి యున్నదో తెలిసికొనుటకు మాత్ర మింకను ఎనుబదియేండ్లు పట్టెను. అమెరికాలో రాచెస్టరు పట్టణమందలి మేయో వైద్యాలయమున ఎడ్వర్డ్ కెండాల్, స్విట్జర్లండు దేశమున టేడియస్ రైక్‌స్టైన్, వేర్వేరుగా ఈ రసమును వడబోసి అనేక పదార్థములను విడదీసిరి. కెండాల్ వానిని ఏ, బీ, ఈ, ఎఫ్ అని యక్షరములతోనే పిలిచెను. అందు 'ఈ' అను పదార్థమే పిమ్మట కార్టిజోనని పేరు పొందినది.

పశువుల గ్రంథులనుండి తీసిన కార్టిజోను పరిశోధనకే చాలదు. 1944లో మెర్క్ కంపెనీయందలి లూయీ సారెట్ అను యువకుడు ఎద్దుల పైత్యరసమునుండి తీసిన యామ్లమును ముప్పదికి పైబడిన మెట్లలో మార్చి మార్చి దీనిని కృత్రిమముగా చేసెను. 1948 సెప్టెంబరు 21వ తేదీన మేయో వైద్యాలయమున ఫిలిప్ హెంచ్ అను వైద్యుడు, కీళ్లవాతముచే మంచము పట్టియున్న 29 ఏండ్ల స్త్రీకి మొదటిసారి దీనిని సూదిద్వారా నెక్కించెను. కొలదిదినములలోనే ఆమె లేచి నడచెను. 1949లో ఈ వార్త వెల్లడికాగా, కుంటివారు నడచుచున్నారని పత్రికలు ఘోషించినవి. 1950లో హెంచ్, కెండాల్, రైక్‌స్టైనులకు నోబెల్ బహుమానము వచ్చెను. పరిశోధన ఫలించిన రెండేండ్లకే ఆ బహుమానము దొరకుట మిక్కిలి యరుదు.

1948 అను సంవత్సరమును తలచినప్పుడు తెలుగువారికి మఱియొకరు స్మృతికి రాక మానరు. భీమవరమున 1895లో జన్మించిన యల్లాప్రగడ సుబ్బారావుగారు ఆ సంవత్సరము ఆగస్టు నెలలోనే న్యూయార్కునందు మరణించిరి. కార్టిజోను మొదటి విజయమును వారు చూడలేదు. కాని లెడర్లీ పరిశోధనశాలలో వారి బృందము సిద్ధపఱచిన మందులలో నొకటి, నేడు మెథోట్రెక్సేటని పిలువబడునది, కీళ్లవాతరోగులకు స్టిరాయిడు మోతాదును తగ్గించుటకు వైద్యులు వాడు ముఖ్యసాధనమైనది. ఈ మెథోట్రెక్సేటును కీళ్లవాతమునకు వారమున కొక్కమారే మ్రింగవలయును. దినదినము మ్రింగి ప్రాణముమీదికి తెచ్చుకొన్నవారు కలరు గనుక, ప్రసంగవశమున వచ్చిన దైనను ఈమాట చెప్పక విడువరాదని తోచినది.

కార్టిజోను మొదట సామాన్యుల కందునది కాదు. 1949లో గ్రాము వెల 200 డాలర్లు. అది మన పల్లెలలో పొట్లపుమాత్రగా పరిణమించిన తెఱగు విచిత్రమైనది. ఈ పదార్థపు అణునిర్మాణములో పదునొకండవ స్థానమందు ప్రాణవాయువును చేర్చుట రసాయనశాస్త్రజ్ఞులకు మిక్కిలి కష్టసాధ్యమై యుండెను. మెట్లన్నియు అందుకొఱకే. 1952లో అప్‌జాన్ కంపెనీకి చెందిన పీటర్సన్, మర్రే అనువారు ఆ పని యొక బూజుచేత చేయించిరి. రైజోపస్ అనునది దాని జాతి. రొట్టెను తడిగాలిలో నుంచినచో దూదివలె తెల్లగా లేచి పిదప నల్లని చుక్కలు పెట్టు బూజు అదియే. మెక్సికో దేశపు అడవి దుంపలనుండి సులభముగా తీయదగిన ప్రొజెస్టెరోనును ఈ బూజు పెరుగుచున్న తొట్టిలో వేసినచో, మనుష్యుడు ఎన్నియో మెట్లలో చేయు పనిని అది యొక్క మెట్టులో చేసి పెట్టెను. వెల పడిపోయినది. ఈ బూజు పేరును చదువరులు జ్ఞాపకముంచుకొనగోరెదను. దానితో మరల పని గలదు.

పిదప వచ్చిన మందులు మఱింత తీవ్రమైనవి. 1955లో ప్రెడ్నిసోను, ప్రెడ్నిసొలోను, 1958లో డెక్సామెథసోను వెలువడినవి. సుబ్బారావుగారు పనిచేసిన లెడర్లీ శాలనుండియే ట్రయామ్సినొలోను వచ్చెను. మన శరీరము స్వయముగా దినమునకు చేసికొను స్టిరాయిడునకు సుమారు 5 మిల్లీగ్రాముల ప్రెడ్నిసొలోను సమానము. డెక్సామెథసోను అయినచో ముప్పాతిక మిల్లీగ్రామే చాలును. మాత్ర యెంత చిన్నదో మందంత స్వల్పమని మన యిండ్లలో నొక భావము గలదు. ఈ విషయమున అది తలక్రిందులు.

ఇక అపకారము సంగతి. అది విజయము వెన్నంటియే వచ్చినది. గ్రంథిరస మధికమైనప్పుడు మనుష్యు డేరూపము దాల్చునో అమెరికా వైద్యుడు హార్వే కుషింగ్ 1932లోనే వర్ణించియుండెను: చంద్రబింబమువంటి ముఖము, మెడవెనుక క్రొవ్వు, పలుచనై కమిలిపోవు చర్మము, కడుపుమీద ఊదారంగు చారలు, పెరిగిన రక్తపుపోటు, మూత్రమున చక్కెర, గుల్లబారిన యెముకలు. కార్టిజోను దీర్ఘకాలము పుచ్చుకొన్న రోగులు ఆ చిత్రమునకు ప్రతిబింబములైరి. మా యూరివారు మా యత్తముఖమున చూచి సంతసించిన నిండుదనము ఇదియే. పుష్టికిని వాపునకును భేదము తెలియనంతగా మన మెట్టప్రాంతములు బక్కచిక్కిన దేహములకు అలవాటు పడియున్నవి కాబోలు.

అంతకంటెను గూఢమైన అపాయము 1952లో బయటపడినది. నెలలతరబడి కార్టిజోను వాడుచుండిన యొక రోగికి తుంటి శస్త్రచికిత్స చేయుటకై ముందుగా ఆ మందును నిలిపిరి. శస్త్రచికిత్స ముగిసిన కొలదిగంటలకే రక్తపుపోటు పడిపోయి, ఏ మందునకును లేవక, రోగి మరణించెను. శవపరీక్షలో మూత్రపిండములమీది గ్రంథులు ఎండి కృశించియుండుట కనబడెను. కారణము సులభముగా తెలియదగినదే. పైనుండి కాలువనీరు సమృద్ధిగా వచ్చుచున్న యూరిలో ఊటబావి పూడిక తీయువా రుండరు. కాలువ నొక్కనాడు మూసినచో అప్పుడు బావికడకు పరుగెత్తుదురు, అందు నీరుండదు. దేహమునందును అట్లే. మందు పైనుండి వచ్చుచున్నంతకాలము, మెదడు క్రిందనుండి ఈ గ్రంథులకు ఆజ్ఞలు పంపు పిట్యూటరీ గ్రంథి తన యాజ్ఞ నాపివేయును. ఆజ్ఞలేని గ్రంథి నిద్రించును. అది మేల్కొనుటకు వారములు, ఒక్కొక్కప్పుడు నెలలు, ఇంకను అధికకాలము పట్టును. జ్వరము, శస్త్రచికిత్స, దెబ్బ మున్నగు కష్టములలో ఆరోగ్యవంతుని గ్రంథి అధికముగా రసము నిచ్చి ప్రాణము నిలుపును; నిద్రించు గ్రంథి ఈయదు. మాత్రలు పారవేసిన ఐదవనాడు మా యత్త నేల కొరగుటకు హేతు విదియే. మనుమడు పారవేసినది విషము కాదు; అప్పటికామె దేహమున లేని గ్రంథికి బదులుగా నిలిచియున్న ఊతకఱ్ఱ.

ఇట్టి మందు కర్నూలు కడప జిల్లాలలో ఇంత సులభముగా పాదుకొనుటకు కారణము వైద్యుల యత్యాశ యొక్కటియే యని నేను తలపను. ఆదోని, కోసిగి, మంత్రాలయము ప్రాంతములనుండి వానలు తప్పిన యేట కుటుంబములకు కుటుంబములే గుంటూరు మిరపచేలకును పత్తిచేలకును కూలికి వలసపోవుచుండును. బేతంచెర్ల, ఎఱ్ఱగుంట్ల ప్రాంతముల బండలగనులలో పనివారు దినమెల్ల వంగి నాపరాళ్లు తీయుదురు. రాతిదుమ్ము చేత రొమ్ము పాడై ఆయాసపడువారు అందు కలరు. ఒకదినము పడుకొన్నచో ఆ దినపుకూలి పోవును. అట్టివానికి "విశ్రాంతి తీసికొనుము, మూడువారములలో తగ్గును" అని చెప్పు డిగ్రీవైద్యునికంటె, సాయంత్రము మాత్ర యిచ్చి తెల్లవాఱునప్పటికి లేపి నిలువబెట్టువాడే ధన్వంతరి. పైగా అర్ధరాత్రి తలుపు తట్టిన పలుకువాడును అతడొక్కడే. వానిని దూషించి ఊరక తృప్తిపడుట తగదు.

నొప్పికి మూలము వేఱొకటి యగుటయు గలదు. త్రాగునీటిలో ఫ్లోరైడు హెచ్చుగానున్నచో వెన్నును కీళ్లును బిగిసిపోవునను సంగతి మన దేశమున 1937లో, కడపకు పొరుగుననున్న నెల్లూరు జిల్లాలోనే, షార్ట్ మున్నగు వైద్యులు మొదట ప్రకటించిరి. మన సీమలోను లోతుబావులనీటిలో ఫ్లోరైడుగల గ్రామములు కలవు. అట్టి నొప్పికి తెల్లమాత్ర మ్రింగినచో మూలము నీటిలోనే యుండిపోవును; ఎముక మాత్రము గుల్లయగును. దగ్గుతో నున్నవానికి క్షయయో కాదో చూడకయే ఈ మాత్ర యిచ్చినచో నాలుగుదినములు జ్వరమడగి, ఆకలి పుట్టి, రోగి లేచి తిరుగును. లోపల క్షయ రాజుకొనును. నొప్పిని, జ్వరమును, వాపును మాన్పుటయందు దీనికిగల నేర్పే దీనిలోని మోసము. ఇది రోగపు కేకను ఆపును. రోగమును ఆపినదని చూచువారు భ్రమింతురు.

చట్టము లేకపోలేదు. 1940వ సంవత్సరపు ఔషధముల చట్టమును, 1945 నాటి నిబంధనలును గలవు. మ్రింగు స్టిరాయిడులు ఆ నిబంధనలలోని హెచ్ షెడ్యూలునకు చెందినవి. "రిజిస్టర్డ్ మెడికల్ ప్రాక్టీషనరు" చీటీ లేక అమ్మరాదని పెట్టెమీదనే అచ్చువేయవలయును. ఇందొక వింత గలదు. ఆ మూడు ఆంగ్లపదముల మొదటి యక్షరములే ఆర్.ఎం.పీ. చట్టములో నవి పట్టా పొంది నమోదైన వైద్యుని సూచించును. మన పల్లెలలో ఆ పేరు పట్టాలేని వైద్యునికే రూఢమైనది.

ఇప్పుడు బూజు కథకు మరల వచ్చెదము.

2020 ఏప్రిలు మాసమున కొవిడ్ వ్యాధి ఆంధ్రప్రదేశమున వ్యాపించినప్పుడు కర్నూలు జిల్లా కేసుల సంఖ్యలో ముందు నిలిచెను. అప్పటికి ఆ జబ్బునకు మందనునది లేదు. జూను 16వ తేదీన ఇంగ్లండులోని ఆక్స్‌ఫర్డు విశ్వవిద్యాలయము వారు తమ రికవరీ పరీక్ష ఫలితమును ప్రకటించిరి. కృత్రిమశ్వాస యంత్రముపై నున్న రోగులకు దినమునకు 6 మిల్లీగ్రాముల డెక్సామెథసోను, పదిదినములకు మించకుండ, ఇచ్చినచో మరణములు మూడవవంతు తగ్గినవి. ఆక్సిజను పుచ్చుకొనువారిలో అయిదవవంతు తగ్గినవి. అప్పటికి అరువదియేండ్ల వయసుగల చౌకమందు లక్షలప్రాణములను నిలిపినది. కాని యా ప్రకటనలోనే మఱియొక వాక్యముండెను: ఆక్సిజను అవసరము లేనివారికి దీనివలన ప్రయోజనము కనబడలేదు. మన దేశమున మొదటి వాక్యము ఇంటింటికి చేరెను, రెండవది చేరలేదు.

2021 వేసవిలో రెండవ ఉప్పెన వచ్చినప్పుడు ఆసుపత్రులలో మంచములు దొరకలేదు. ఎవరో యెవరికో వ్రాసిన చీటీ సెల్ ఫోనులలో చేతులు మారెను. జ్వరము వచ్చిన మొదటిదినముననే, ఆక్సిజను సరిగానున్నవారు సహితము ఇంటిలో డెక్సామెథసోనో మెథిల్‌ప్రెడ్నిసొలోనో మొదలుపెట్టిరి. పదిదినములు ఇరువదియైనవి. మధుమేహము గలవారు రక్తములో చక్కెరను చూచుకొనలేదు. స్టిరాయిడు దానిని ఎంత యెత్తున కెక్కించునో వారికి చెప్పినవారు లేరు. చక్కెర పెరిగి, రోగనిరోధకకణములు మందగించిన దేహము కొఱకు ఎదురుచూచుచుండినట్లు ఒక బూజు ముక్కులోనుండి దవడకును, కంటికిని, మెదడునకును ప్రాకెను. పత్రికలు దానిని బ్లాక్ ఫంగసనిరి; వైద్యులు ముకర్‌మైకోసిసనిరి. దానిని కలిగించు బూజులలో మన దేశమున ముఖ్యమైనది రైజోపస్ జాతిదే. 1952లో తొట్టెలలో పనిచేసి కార్టిజోనును చౌకచేసిన యా జాతియే, ఆ మందును విచక్షణలేక మ్రింగినవారి కండ్లను డెబ్బదియేండ్ల పిమ్మట తినివేసెను. కల్పనాకథలో ఎవరైన నిట్లు వ్రాసినచో అతిశయోక్తి యని త్రోసివేయుదుము.

ఆ మే నెలలో కేంద్రప్రభుత్వము ఈ వ్యాధిని 1897 నాటి అంటువ్యాధుల చట్టము క్రింద తప్పక తెలుపవలసిన వ్యాధిగా ప్రకటింపుడని రాష్ట్రములను కోరెను. ఆంధ్రప్రభుత్వము దీనిని ఆరోగ్యశ్రీలో చేర్చెను. కర్నూలు ప్రభుత్వ సర్వజన వైద్యశాలలోను రోగులకు చికిత్స జరిగినది. దీనికి వాడు ఆంఫొటెరిసిన్ సూదిమందు కొఱకు బంధువులు ఊరూర తిరిగిరి. జులై నాటికి దేశమున 45,000కు పైగా కేసులును, 4,000కు పైగా మరణములును లెక్కకు వచ్చినవి. బ్రతికినవారిలో కన్నో పైదవడయో కోల్పోయినవారు మన జిల్లాలలో నేటికిని కలరు. వీరందఱును స్టిరాయిడు వలననే చెడిరనుట సత్యము కాదు. అదుపులేని మధుమేహము ప్రధానకారణము. కాని ఆ మధుమేహమునకు ఆజ్యము పోసిన చేతులలో ఈ మాత్రయు నొకటి.

ఇంత చెప్పినపిదప గృహిణులు కొందఱు, స్టిరాయిడనినంతనే మా పిల్లలకు వద్దని చెప్పుదురేమోయని నాకు భయము. అది మా మేనల్లుని తప్పువంటిదే. మూత్రపిండములనుండి మాంసకృత్తులు కారిపోయి ముఖము, కాళ్లు ఉబ్బిన పసిపిల్లలకు ప్రెడ్నిసొలోనే ప్రాణదాత. నెలలు నిండకముందే ప్రసవము కానున్న తల్లికి ఈ జాతి సూదిమందిచ్చినచో శిశువు ఊపిరితిత్తులు త్వరగా పక్వమగునని న్యూజీలండు వైద్యులు లిగిన్స్, హవీ 1972లో చూపిరి. నాటినుండి ఎన్నియో శిశువులు బ్రతికినవి. కుష్ఠురోగులకు నరములు వాచి చేతులు చచ్చుపడబోవు సమయమున 40 మిల్లీగ్రాముల ప్రెడ్నిసొలోనుతో మొదలుపెట్టి, రెండువారముల కొకమారు తగ్గించుచు, పండ్రెండువారములలో ముగించు పద్ధతి యున్నది. దానివలన వంకరపోవలసిన వ్రేళ్లు నిలిచినవి. ఉబ్బసమునకు పీల్చు మందులో నున్నదియు స్టిరాయిడే. అయినను అది మైక్రోగ్రాములలో లెక్కింపదగిన స్వల్పభాగము, నేరుగా ఊపిరితిత్తులలోనికి పోవునది. పీల్చినపిదప నోరు పుక్కిలించి ఉమ్మివేయుట యొక్కటియే మఱువరాదు. పీల్చు మందనిన వెఱచి దానిని మాని, ఆయాసము ముదిరినప్పుడెల్ల మాత్రలు మ్రింగువారు చిన్నదానికి జడిసి పెద్దదానిని కౌగిలించుకొనువారు.

కావున భేదమంతయు పుచ్చుకొను విధమునందున్నది. చీటీ తెచ్చుకొన్ననాడే మందుపేరును, ఎన్ని మిల్లీగ్రాములో, ఎన్నిదినములో, ఎట్లు తగ్గింపవలయునో వైద్యుని నోట చెప్పించుకొని ఇంటిలో నొకచో వ్రాసిపెట్టుకొనవలయును. పొట్లములో విడిమాత్రలు తీసికొనరాదు. పేరు అచ్చువేసిన రేకుతోనే తీసికొనవలయును. దినమున కొక్కమారైనచో ఉదయము భోజనమైన తరువాత పుచ్చుకొనుట మేలు. మన గ్రంథియు తెల్లవాఱుజామునే అధికముగా పనిచేయును, రాత్రి పుచ్చుకొన్నచో నిద్ర చెడును. మూడువారములకు మించి వాడినవారు ఎన్నడును తటాలున మానరాదు. అందుకుముందైనను వైద్యుడు చెప్పినట్లే మానవలయును. వాంతులై మాత్ర నిలువనప్పుడు మఱునాటివఱకు వేచియుండక ఆసుపత్రికి పోవలయును, ఏలయన ఆ దినమున మందు సూదిద్వారా చేరవలసియుండును. జ్వరముగాని, పన్ను తీయించుటగాని, శస్త్రచికిత్సగాని తటస్థించినప్పుడు "నేనీ మందు వాడుచున్నాను" అని చెప్పక యూరకుండుట ప్రాణాపాయకరము. ఇంగ్లండులో ఇట్టి రోగులకు చిన్నకార్డు ఇచ్చి జేబులో నుంచుకొమ్మందురు. మనము జనాభాకార్డులను పదింటిని మోయుచున్నాము. దీనికొక చీటీ మోయుట భారము కాదు.

మందు సాగుచున్నంతకాలము చక్కెరను, రక్తపుపోటును చూపించుకొనుచుండవలయును; మధుమేహమున్నవారు ఇంటిలోనే చూచుకొనుట మంచిది. చూపు మసకబారినచో కంటివైద్యునికి చెప్పవలయును, ఏలయన శుక్లములును కంటిలోని పోటును ఈ మందువలన కలుగవచ్చును. నల్లని విరేచన మైనచో కడుపులో పుండు పడినదేమోయని యనుమానింపవలయును. నొప్పిమాత్రలను దీనితో కలిపి మ్రింగుట పుండునకు దగ్గరి త్రోవ. ఆటలమ్మ వచ్చిన యింటికి పోరాదు. పోవలసివచ్చినచో వెంటనే వైద్యునికి తెలుపవలయును. ఎముకలకొఱకు రాగిసంగటియు పాలును మన సీమలో చేతికందునవే. నెలలతరబడి వాడువారికి వైద్యులు కాల్షియము, డి విటమిను కూడ వ్రాయుదురు. ఉప్పు తగ్గింపవలయును. ఊరగాయ లేక ముద్దదిగని మన యిండ్లలో ఇది కష్టమని యెఱుగుదును.

లేపనముల సంగతి యొకటి మిగిలినది. దానిని చెప్పుటకు కొంచెము సిగ్గగుచున్నది, ఏలయన తప్పు మన యిండ్లది. పెండ్లిచూపులకు ముందు పిల్ల ముఖము తెల్లబడవలెనని అంగడిలో నడిగి తెచ్చు గొట్టములలో పెక్కింటియందు తీవ్రమైన స్టిరాయిడు కలదు. వారములో ముఖము తెలుపెక్కును. మాసములలో చర్మము పలుచనై, ఎఱ్ఱబడి, సన్ననినరములు పైకి తేలి, మొటిమలు నిండి, మానినచో మంటలు పుట్టును. తామరకు ఇదే లేపనము వ్రాసినచో దురద తగ్గి తామర పెరుగును. దేశమంతట మందులకు లొంగని తామర వ్యాపించుటకు ఇదియొక కారణమని చర్మవైద్యులు మొఱపెట్టుచున్నారు. 2018లో కేంద్రప్రభుత్వము 14 విధములైన స్టిరాయిడు లేపనములను చీటీ లేక అమ్మరాదని నిర్ణయించెను. అయినను అడిగినవారికి దొరకుచునే యున్నవి. అడుగువారిలో తల్లులే మెండు. నలుపు రోగము కాదని ఏండ్లతరబడి సభలలో చెప్పి, ఇంటికి వచ్చి కొమార్తె చేతిలో ఆ గొట్టము పెట్టిన పెద్దమనుష్యులను నే నెఱుగుదును.

మా యత్తకు ఆసుపత్రిలో హైడ్రోకార్టిజోను సూదిమందును, సెలైనును ఎక్కించిరి. ఆమె రెండవనాడు లేచి కూర్చుండెను. మందుల అంగడివానిని విచారింపగా తెల్లమాత్ర డెక్సామెథసోనని తెలిసినది. వైద్యురాలు దానికిబదులు ప్రెడ్నిసొలోను వ్రాసి, నెలనెలకు కొంచెముగా తగ్గించుచు, నడుమ రక్తపరీక్షలు చేయించుచు, ఏడాదికి పైగా కాలములో పూర్తిగా మాన్పించెను. ముఖము మునుపటివలె పీక్కొనిపోయినది. ఊరివారు మరల "చిక్కిపోయినావే" అని విచారించిరి. మనుమడు ఒక నోటుపుస్తకములో మందులపేరులు తెలుగున పెద్దయక్షరములతో వ్రాసి దేవుని గూటిలో నుంచెను. ఆమెకు చదువు రాదు. అయినను ఎవరు చుట్టపుచూపుగా పోయినను ఆ పుస్తకము తీసి చూపించును. మోకాళ్లనొప్పులు మాత్రము అట్లే యున్నవి.